దాచుకున్న ఉత్తరం

బడి ముఖం చూడని అమ్మాయి గురించి బడి స్వర్ణోత్సవ సంచికలో రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. బియాట్రిక్స్ పాటర్ ఒక్కరోజు కూడా బడికి వెళ్ళలేదు. పైగా, వెళ్ళకపోవడమే మంచిదైందని, వెళ్ళి ఉంటే తన సొంత ఊహ కొంత అరిగిపోయేదని పెద్దయ్యాక చెప్పుకుంది కూడా. అయినా ఆమె సరదాకి గీసిన ఒక కుందేలు పిల్ల ప్రపంచమంతా తిరగడానికి కారణం ఒక టీచరు, ఆ టీచరుగారి అబ్బాయి. అందుకే ఈ కథ చెప్పడానికి మన సంచికకు మించిన చోటు లేదనిపించింది.

నీలం కోటు తొడుక్కున్న ఆ కుందేలును మన ఇళ్ళలోని పిల్లలు పుస్తకంలోనో, పింగాణీ కప్పు మీదో, 2018లో వచ్చిన సినిమాలోనో చూసే ఉంటారు. పేరు పీటర్ రాబిట్. 1902లో లండన్‌లో వెలువడిన ఆ చిన్న పుస్తకం ఇప్పటికి 4 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడైంది. 35కు పైగా భాషల్లోకి వెళ్ళింది. అంతకుముందు దాన్ని అచ్చు వేయడానికి కనీసం ఆరుగురు ప్రచురణకర్తలు ఒప్పుకోలేదు. ఆ తిరస్కారానికీ ఈ ఆదరణకూ మధ్య ఏం జరిగిందన్నదే ఈ వ్యాసం.

ఇంటి పై అంతస్తులో చదువు

బియాట్రిక్స్ 1866 జులై 28న లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్‌లో పుట్టింది. లాంకషైర్ నూలు వ్యాపారంలో తాతలు సంపాదించిన ఆస్తి ఉంది. తండ్రి రూపర్ట్ పాటర్ బారిస్టరు. ఆ కాలపు సంపన్న కుటుంబాల్లో మగపిల్లల్ని బోర్డింగు బడికి పంపేవారు, ఆడపిల్లలకు ఇంట్లోనే గవర్నెస్‌ను పెట్టి చదువు చెప్పించేవారు. గవర్నెస్ అంటే జీతం మీద ఇంట్లో చదువు చెప్పే పంతులమ్మ అన్నమాట. బియాట్రిక్స్‌కు తోటి పిల్లల స్నేహం పెద్దగా లేదు. ఉన్నదల్లా సుమారు ఆరేళ్ళు చిన్నవాడైన తమ్ముడు బెర్‌ట్రమ్, పై అంతస్తులో చదువుల గది, ఆ గదిలో పెంచుకున్న కుందేళ్ళు, ఎలుకలు, గబ్బిలాలు, కప్పలు, బల్లులు.

అక్కాతమ్ముళ్ళు వాటిని పెంచడంతో ఆగలేదు. చచ్చిపోయిన జంతువుల్ని ఉడకబెట్టి, ఎముకలు వేరుచేసి, అస్థిపంజరం ఎలా అమరి ఉంటుందో చూసి బొమ్మలు గీసేవారు. వినడానికి ఒళ్ళు జలదరించే పనే. కానీ పీటర్ బొమ్మల్లోని జీవం ఇక్కడి నుంచే వచ్చింది. కోటు తొడిగినా, రెండు కాళ్ళ మీద నిలబెట్టినా, ఆమె కుందేలు కుందేలులాగే వంగుతుంది. ఏ కీలు ఎక్కడ మడవాలో అక్కడే మడుస్తుంది. మా ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే, ఎలివేషన్ గీయడానికి ముందే ఆమెకు సెక్షన్ తెలుసు.

టీచరుగా వచ్చి స్నేహితురాలైన ఆనీ

1883లో, బియాట్రిక్స్‌కు 17 నిండబోతున్నప్పుడు, జర్మన్ నేర్పడానికి ఆనీ కార్టర్ అనే కొత్త గవర్నెస్ వచ్చింది. శిష్యురాలి కంటే టీచరు మూడేళ్ళే పెద్ద. ఆమె ఆ ఇంట్లో ఉన్నది కూడా రెండేళ్ళే. 1885లో ఎడ్విన్ మూర్ అనే సివిల్ ఇంజనీరును పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. చదువు అక్కడితో ముగిసింది గానీ స్నేహం ముగియలేదు. ఆనీకి వరసగా ఎనిమిదిమంది పిల్లలు పుట్టారు. బియాట్రిక్స్ వాళ్ళింటికి వెళ్ళేది. తాను ఊళ్ళో లేనప్పుడు ఆ పిల్లలకు ఉత్తరాలు రాసేది. ఉత్తరమంటే పైన నాలుగు మాటలు, మధ్యలో నాలుగు గీతల బొమ్మలు, మళ్ళీ నాలుగు మాటలు.

ఈలోగా కుందేలు బొమ్మలకు తొలి సంపాదన వచ్చింది. 1890లో తన పెంపుడు కుందేలు బెంజమిన్‌ను చూసి గీసిన బొమ్మలను ఒక గ్రీటింగ్ కార్డుల సంస్థ 6 పౌండ్లకు కొంది. తన చేతి పనికి ఆమె చూసిన మొదటి డబ్బు అది. బెంజమిన్ తరువాత వచ్చిన కుందేలు పేరు పీటర్. లండన్‌లో షెపర్డ్స్ బుష్ దగ్గర, 4 షిల్లింగుల 6 పెన్నీలకు కొన్నది. ఆ ధర చాలా ఎక్కువని కూడా ఆమె రాసి పెట్టుకుంది.

1893 సెప్టెంబరు 4

ఆ ఏడాది వేసవి సెలవులకు పాటర్ కుటుంబం స్కాట్లండ్‌లోని డంకెల్డ్ దగ్గర ఒక ఇంట్లో దిగింది. ఆనీ పెద్దకొడుకు నోయెల్‌కు అప్పుడు ఐదేళ్ళు. లండన్‌లో జబ్బుపడి మంచం మీద ఉన్నాడు. సెప్టెంబరు 4న బియాట్రిక్స్ వాడికి ఉత్తరం మొదలుపెట్టింది. ఏం రాయాలో తోచడం లేదని, అందుకని నాలుగు కుందేలు పిల్లల కథ చెబుతానని వాడికి రాసింది.

కథ అందరికీ తెలిసిందే. ఫ్లాప్సీ, మాప్సీ, కాటన్‌టెయిల్ తల్లి మాట వింటారు. పీటర్ వినడు. మెక్‌గ్రెగర్ తోటలోకి వెళ్ళవద్దని, మీ నాన్న అక్కడికి వెళ్ళే వాళ్ళింటి వంటలోకి పోయాడని తల్లి చెప్పినా దూరి, ముల్లంగి, చిక్కుళ్ళు కడుపునిండా తింటాడు. తోటమాలి కంట పడతాడు. పరుగులో చెప్పులూ కోటూ పోతాయి. మొక్కలకు నీళ్ళు పోసే డబ్బాలో దాక్కుని, తుమ్ముతో దొరికిపోబోయి, ఎలాగో ఇల్లు చేరతాడు. మాట విన్న పిల్లలకు మంచి భోజనం, వాడికి చేమంతిలాంటి పూల కషాయం. పోయిన కోటును మెక్‌గ్రెగర్ దిష్టిబొమ్మకు తొడుగుతాడు.

మన చిన్నప్పుడు విన్న జంతువుల కథల్లో చివర నీతి ఉండేది. ఇందులోనూ ఉంది గానీ, చదివే పిల్లవాడి మనసు మాట వినని పీటర్ వెంటే పోతుంది. తప్పు చేసినవాడికి దక్కే శిక్ష కషాయమే, అది కూడా అమ్మ చేతి నుంచి. మంచం మీద కషాయాలు తాగుతున్న పిల్లవాడికి ఇంతకన్నా దగ్గర కథ ఏముంటుంది? అచ్చు కోసమో, అమ్మకం కోసమో రాసింది కాదు. ఎదురుగా ఒకే ఒక పాఠకుడు, వాడికి జ్వరం ఎప్పుడు తగ్గుతుందా అన్న ఆలోచన. మరునాడు వాడి తమ్ముడు ఎరిక్‌కు ఒక కప్ప కథ రాసింది. తమ్ముడు అలగకూడదు కదా!

మూసుకున్న ఒక తలుపు

ఆ రోజుల్లో బియాట్రిక్స్ మనసు నిజానికి కథల మీద లేదు, పుట్టగొడుగుల మీద ఉంది. డంకెల్డ్ ప్రాంతంలో పోస్ట్‌మన్‌గా పనిచేసిన చార్లెస్ మకింటాష్ అనే ప్రకృతి పరిశీలకుడు ఆమెకు దారి చూపించాడు. ఆమె వందల పుట్టగొడుగులను నీటిరంగుల్లో గీసింది, వాటి బీజాలు ఎలా మొలకెత్తుతాయో ఇంట్లో మైక్రోస్కోపు కింద పరీక్షించింది. 1897 ఏప్రిల్ 1న లండన్‌లోని లిన్నేయన్ సొసైటీలో ఆమె రాసిన పరిశోధన పత్రాన్ని సమర్పించారు. ఆ సభకు ఆమె వెళ్ళలేదు, వెళ్ళడానికి లేదు. ఆడవాళ్ళకు అక్కడ ప్రవేశం లేదు. క్యూ ఉద్యానవనంలో పనిచేసే జార్జ్ మస్సీ ఆమె తరఫున సమర్పించాడు. తరువాత ఆ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు, అది అచ్చు కాలేదు. ఆమె పట్ల న్యాయంగా వ్యవహరించలేదని ఆ సొసైటీ ఒప్పుకున్నది 1997లో, అంటే సరిగ్గా నూరేళ్ళకు. ఆమె గీసిన పుట్టగొడుగుల బొమ్మలు కొన్ని 1967లో శిలీంధ్రాల మీద వచ్చిన ఒక పుస్తకంలో వాడారు. శాస్త్రానికి అక్కరకొచ్చేంత కచ్చితంగా ఉన్నాయవి.

అదే కన్ను, అదే చేయి కుందేలు బొమ్మలూ వేసింది. ఈ సంగతి మరిచిపోతే పీటర్ ఏదో అదృష్టం కొద్దీ తగిలిన లాటరీలా కనిపిస్తాడు.

టీచరు ఇచ్చిన సలహా

1900లో, ఉత్తరాలు రాసి ఏడేళ్ళయ్యాక, ఆనీ ఒక మాట అంది: మా పిల్లలకు రాసిన ఆ కథలు పుస్తకాలుగా వేస్తే బాగుంటుంది కదా అని. బియాట్రిక్స్ దగ్గర నకలు లేదు. ఆ ఉత్తరం ఇంకా ఉందా అని నోయెల్‌ను అడిగింది. ఉంది. ఐదేళ్ళప్పుడు వచ్చిన ఉత్తరాన్ని ఆ పిల్లవాడు పన్నెండేళ్ళ దాకా దాచుకున్నాడు. ఆమె దాన్ని అరువు తెచ్చుకుని నకలు రాసుకుంది, కథ పెంచింది, బొమ్మలు మళ్ళీ గీసింది.

తరువాత ప్రచురణకర్తల గుమ్మాలు తొక్కింది. కొందరు పెద్ద సైజు పుస్తకం కావాలన్నారు. ఆమె ఒప్పుకోలేదు. పిల్లల అరచేతుల్లో ఇమిడేంత పుస్తకమే కావాలంది. 6 షిల్లింగుల పెద్ద పుస్తకం ఒకటి వేసే కన్నా 1 షిల్లింగు పుస్తకాలు రెండు మూడు వేయడమే తనకిష్టమని, బుల్లి కుందేళ్ళు 6 షిల్లింగులు పెట్టి కొనలేవు కదా అని మూర్ పిల్లల్లో ఒకరికి ఉత్తరంలో చమత్కరించింది. నవ్వులాటగా అన్నా అది గట్టి లెక్కే. ఎవరి కోసం చేస్తున్నామో వాళ్ళ చేతి కొలత, జేబు కొలత తెలిస్తేనే డిజైన్ మొదలుపెట్టాలని మా వృత్తిలో కొత్తగా చేరినవాళ్ళకు చెబుతుంటాం. ఆమెకు అది ఎవరూ చెప్పకుండానే తెలుసు.

ఎవరూ ముందుకు రాకపోయేసరికి సొంత డబ్బు పెట్టింది. 1901 డిసెంబరులో 250 ప్రతులు అచ్చయ్యాయి. లోపల 41 నలుపు తెలుపు బొమ్మలు, మొదట్లో ఒకే ఒక్క రంగుల బొమ్మ. బంధువులకు, స్నేహితులకు కొన్ని పంచి, మిగతావి 1 షిల్లింగు 2 పెన్నీలకు అమ్మింది. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డాయల్ కూడా తన పిల్లల కోసం ఒకటి తీసుకున్నాడు. ప్రతులు చూస్తుండగానే అయిపోయాయి. 1902 ఫిబ్రవరిలో ఇంకో 200 వేయించింది.

అసలు పీటర్ మాత్రం ఈ సందడి చూడలేదు. తొమ్మిదో ఏడు నిండుతుండగా 1901 జనవరి 26న చనిపోయింది. ఒక ప్రతి లోపల బియాట్రిక్స్ ఆ తేదీ రాసి, ముసలి పీటర్‌ను ప్రేమగా తలుచుకుంది.

మూడు రంగులు, ఒక షిల్లింగు

మొదట కాదన్నవాళ్ళలో ఫ్రెడరిక్ వార్న్ సంస్థ కూడా ఉంది. ఈలోపు కుటుంబ మిత్రుడు, క్రైస్తవ మతాచార్యుడు హార్డ్‌విక్ రాన్‌స్లీ ఆ కథను పద్యాలుగా మార్చి వార్న్ వారికి చూపించాడు. వాళ్ళకు పద్యాలు నచ్చలేదు, బియాట్రిక్స్ రాసిన వచనమే కావాలన్నారు. ఇంకో షరతు కూడా పెట్టారు. బొమ్మలన్నీ రంగుల్లో ఉండాలి. ఆమె వెనకాడింది. ఖర్చు పెరుగుతుంది, పైగా కుందేలు గోధుమ రంగు, తోట పచ్చ రంగు, ఇందులో చూడ్డానికి ఏముంటుంది అనుకుంది. చివరికి ఒప్పుకుని బొమ్మలన్నీ రంగుల్లో మళ్ళీ వేసింది.

అప్పటికి రంగుల అచ్చు ఒక మలుపులో ఉంది. అంతకుముందు ప్రతి రంగుకూ చెక్క దిమ్మ మీద చేత్తో చెక్కి అచ్చు తీసేవారు. చెక్కేవాడి చేతివాటం బొమ్మలోకి వచ్చేది. కొత్త పద్ధతిలో అసలు బొమ్మను మూడు ఫిల్టర్ల గుండా మూడుసార్లు ఫొటో తీసి మూడు బ్లాకులు చేస్తారు. పసుపు, ఎరుపు, నీలం సిరాలతో ఒకే కాగితం మీద ఒకదాని మీద ఒకటి అచ్చు వేస్తారు. వెంట్రుకవాసి పక్కకు జరిగినా కుందేలుకు రెండు ముక్కులు కనిపిస్తాయి! బ్లాకులు చేయించి ఫొటోలు అచ్చు వేసిన రోజులు గుర్తున్న మన పెద్ద మాస్టార్లకు ఆ తిప్పలు వివరించనక్కర్లేదు. చెక్క అచ్చుల్లో ఆరితేరిన ఎడ్మండ్ ఎవాన్స్ ముద్రణాలయమే ఈ కొత్త పద్ధతిలో పీటర్ పుస్తకం అచ్చు వేసింది. చిత్రకారిణి కుంచె జాడ ఇంకొకరి ఉలి గుండా పోకుండా పిల్లవాడి కంటికి చేరింది. ధర మాత్రం ఆమె పట్టుబట్టినట్టే మామూలు అట్టకు 1 షిల్లింగు.

1902 అక్టోబరులో పుస్తకం వచ్చింది. మొదట వేసిన 8,000 ప్రతులు విడుదలకు ముందే అయిపోయాయి. ఆ ఏడాది ముగిసేసరికి 28,000 ప్రతులు అచ్చయ్యాయి. ఇన్ని పీటర్లా అని బియాట్రిక్సే బెదిరిపోయింది. జనానికి కుందేళ్ళంటే ఇంత ఇష్టమా అని ప్రచురణకర్తకు ఉత్తరం రాసింది.

ఒక నష్టం కూడా జరిగింది. అమెరికాలో కాపీరైటు నమోదు చేయించడంలో వార్న్ సంస్థ విఫలమైంది. 1904 నుంచి అక్కడ దొంగ ముద్రణలు వచ్చాయి. వాటిలో ఒక్క పెన్నీ కూడా ఆమెకు చేరలేదు. బొమ్మ విషయంలో మాత్రం ఆమె ముందే జాగ్రత్తపడింది. గుడ్డతో పీటర్ బొమ్మను స్వయంగా కుట్టి, బ్రష్షులోంచి వెంట్రుకలు పీకి మీసాలు పెట్టి, 1903 డిసెంబరు 28న పేటెంటు కార్యాలయంలో నమోదు చేయించింది. ఆ మరుసటి ఏడు పీటర్ పేరు మీద పిల్లల ఆట ఒకటి తయారుచేసింది. పుస్తకంలోని పాత్రను బొమ్మగా, ఆటగా, కప్పుగా, గోడ కాగితంగా అమ్మే వ్యాపారానికి దారి వేసినవాళ్ళలో ఆమె ఒకరు.

కుందేలు కొన్న భూములు

మొత్తం 23 చిన్న పుస్తకాలు వచ్చాయి. వాటిలో ఆనీ పిల్లల ముద్ర చాలా ఉంది. 1903లో వచ్చిన రెండు పుస్తకాల్లో ఒకటి ఫ్రీడాకు, ఒకటి నోరాకు అంకితం. ఎరిక్‌కు రాసిన కప్ప కథ 1906లో పుస్తకమైంది.

సొంత జీవితం అంత సాఫీగా సాగలేదు. ప్రచురణ పనులు చూసే నార్మన్ వార్న్ 1905 జులైలో పెళ్ళి ప్రస్తావన తెచ్చాడు. వ్యాపారం చేసుకునేవాడితో సంబంధమా అని తల్లిదండ్రులు అడ్డుచెప్పినా ఆమె ఒప్పుకుంది. నెల తిరిగేసరికి, ఆగస్టు 25న నార్మన్ జబ్బుచేసి చనిపోయాడు. అతని వయసు 37. ఆ ఏడాదే ఆమె పుస్తకాల మీద వచ్చిన డబ్బు, పినతల్లి వరస బంధువు ఇచ్చిన కొంత సొమ్ము కలిపి, ఉత్తర ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో హిల్ టాప్ అనే వ్యవసాయ క్షేత్రం కొంది. తరువాత ఒక్కొక్కటిగా మరికొన్ని కొంది. 1913లో, 47వ ఏట, ఆ భూముల కొనుగోళ్ళలో సాయపడిన న్యాయవాది విలియం హీలిస్‌ను పెళ్ళాడింది. కథలు తగ్గాయి, గొర్రెలు పెరిగాయి. ఆ కొండలకే ప్రత్యేకమైన హెర్డ్‌విక్ జాతి గొర్రెలను కాపాడడం ఆమె పని అయింది.

1943 డిసెంబరు 22న చనిపోయేనాటికి ఆమె చేతిలో ఉన్న 4,000 ఎకరాలకు పైగా భూమిని, అందులోని వ్యవసాయ క్షేత్రాలను నేషనల్ ట్రస్టుకు రాసిచ్చింది. ఆ ట్రస్టు స్థాపకుల్లో ఒకరు పద్యాలు రాసిన ఆ రాన్‌స్లీయే. ఈ రోజు ఆ ప్రాంతానికి వెళ్ళే యాత్రికులు చూసే కొండలూ పచ్చికా అమ్మకానికి పోకుండా నిలిచాయంటే, ఆ ఖర్చులో కొంత ఒక చిల్లర దొంగ కుందేలు సంపాదించి పెట్టినదే.

ఇంకో ఇంజనీరు

ఈ కథలో ఆనీ భర్తతో పాటు మరో ఇంజనీరు కూడా ఉన్నాడు. బియాట్రిక్స్ పదిహేనేళ్ళ వయసు నుంచి సుమారు 1897 దాకా తాను కనిపెట్టిన రహస్య లిపిలో డైరీ రాసుకుంది. ఆమె పోయాక ఆ కాగితాలను ఎవరూ చదవలేకపోయారు. లెస్లీ లిండర్ అనే ఇంజనీరు సరదాగా మొదలుపెట్టి ఏళ్ళ తరబడి వాటితో కుస్తీ పట్టాడు. 1958లో ఒక పేజీలో 16 అనే రోమన్ అంకె, 1793 అనే సంవత్సరం కనిపించాయి. అది ఫ్రాన్స్ రాజు పదహారో లూయీకి మరణశిక్ష వేసిన సంవత్సరం. ఆ తీగ పట్టుకుని మొత్తం లిపి విప్పాడు. 1966లో, ఆమె శతజయంతి ఏట, ఆ డైరీ అచ్చయింది. ఆమె చిన్ననాటి సంగతులు మనకు ఇంత వివరంగా తెలియడం ఆయన చలవే.

మొత్తం కథను తిరగేసి చూస్తే బొమ్మ గీసిన చేయి ఒకటే, దాన్ని నిలబెట్టిన చేతులు చాలా. ఆనీ రెండేళ్ళు పాఠం చెప్పి వెళ్ళిపోయిన టీచరు. పదిహేనేళ్ళ తరువాత కూడా తన శిష్యురాలు ఏం చేయగలదో ఆమెకు గుర్తుంది, ఆ మాట నోరు తెరిచి చెప్పింది. నోయెల్ చేసింది ఇంకా చిన్న పని, ఒక కాగితాన్ని పారేయలేదు. ఆరుగురు ప్రచురణకర్తలకు కనిపించనిది వీళ్ళిద్దరికీ ముందే తెలుసు, ఎందుకంటే ఆ కథ పుట్టిందే వాళ్ళింటి కోసం.

మనలో ఎంతమందికి ఇలాంటి మాట చెప్పిన మాస్టారు, టీచరమ్మ లేరు? నువ్వు బొమ్మలు బాగా వేస్తావురా అనో, నీ వ్యాసం తరగతిలో చదివి వినిపించమ్మా అనో చెప్పినవాళ్ళు? వారిలో కొందరు ఈ ఉత్సవానికి వస్తున్నారు. కనబడినప్పుడు దండం పెట్టడంతో ఆపకుండా, ఆ మాట తరువాత మీరేం చేశారో కూడా వారికి చెప్పండి. అలాగే ఇంట్లో అటక మీదో, పాత ట్రంకు పెట్టెలోనో మన బడి నాటి కాగితాలు ఉంటాయి. గోడపత్రిక కోసం గీసిన బొమ్మలు, చేతిరాత పత్రికలు, ఉపాధ్యాయులు రాసిన ఉత్తరాలు. ఇల్లు మారేటప్పుడు వాటిని పాతపేపర్లవాడికి వేసేముందు ఒకసారి తిరగేయండి. ఫొటో తీసి మన సంఘానికి పంపండి. అందులో పీటర్లు ఉన్నారో లేదో తరువాత చూసుకుందాం. ముందు కాగితం అంటూ మిగలాలి కదా.